వాచీ సరే, ఒళ్లేమంటోంది అబ్బాయ్?

అబ్బాయ్,

చేతికి ఆ స్మార్ట్ వాచీ కట్టుకున్నందుకు తాతయ్య కోప్పడతాడని మీ అమ్మ అనుకుందట. నేనెందుకు కోప్పడతాను? నా ఉద్యోగమంతా మెడలో విజిలు, చేతిలో స్టాప్‌వాచీతోనే వెళ్లిపోయింది. డ్రిల్లు మాస్టారి చేతిలో స్టాప్‌వాచీ లేదని తెలిస్తే పిల్లలు పరుగు మానేసి కబుర్లు చెప్పుకుంటూ నడుస్తారు. కొలత ఉండాల్సిందే. నా పేచీ వేరే. మొన్న ఫోన్లో, ఒళ్లు హుషారుగానే ఉన్నా వాచీ రెస్ట్ తీసుకోమంది కాబట్టి పరుగు మానేశానన్నావు. ఆ ముందు వారం మోకాలు లాగుతున్నా, అడుగుల లెక్క పూర్తి కాలేదని రాత్రి పది దాటాక ఇంటి చుట్టూ కుంటుకుంటూ తిరిగావట. కొలిచే పని దానికిచ్చావు, బాగుంది. తీర్పు చెప్పే పని కూడా దానికే ఇచ్చేశావేంట్రా?

ముందు ఆ పదివేల అడుగుల సంగతి విను. అది ఏ డాక్టరూ రోగుల్ని పరీక్షించి తేల్చిన అంకె కాదు. 1964లో టోక్యోలో ఒలింపిక్స్ జరిగాయి. జనంలో ఆ ఊపు ఉండగానే, మరుసటేడు ఒక జపాన్ కంపెనీ నడుముకి తగిలించుకునే అడుగుల మీటరొకటి అమ్మకానికి పెట్టి, దానికి పదివేల అడుగుల మీటరని అర్థం వచ్చేట్టు ‘మన్పో-కే’ అని పేరు పెట్టింది. గుండ్రటి అంకె కదా, జనం నోట్లో పడింది. అరవై ఏళ్లు తిరిగేసరికి నీ మణికట్టు మీద శాసనమై కూర్చుంది. 2019లో ఐ-మిన్ లీ అనే హార్వర్డ్ పరిశోధకురాలు సగటున 72 ఏళ్లున్న ఆడవాళ్ల అడుగుల్ని లెక్కగట్టింది. రోజుకి 2,700 అడుగులు వేసేవాళ్ల కంటే 4,400 వేసేవాళ్లలో చావులు బాగా తక్కువగా కనిపించాయి. 7,500 దగ్గరికొచ్చాక లాభం ఇంక పెరగలేదు. అంటే మీ నానమ్మ గేదె కొట్టానికీ కూరగాయల మడికీ మధ్య తిరిగే తిరుగుడు చాలావరకు సరిపోతుందన్నమాట. ఆవిడ చేతికి వాచీ లేదు కాబట్టి రాత్రిపూట ఎవరూ టపాకాయల బొమ్మ చూపించి శభాష్ అనరు, అంతే తేడా.

ఇంక కేలరీలు. 2017లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఏడు రకాల వాచీలు తెచ్చి 60 మందికి కట్టి, నడిపించి, పరిగెత్తించి, సైకిలు తొక్కించి చూశారు. గుండె వేగం దగ్గర ఆరు వాచీలు నమ్మదగ్గట్టే చెప్పాయి. ఖర్చయిన కేలరీల దగ్గరికొచ్చేసరికి అన్నిట్లోకీ మెరుగైనదే సగటున 27 శాతం తప్పింది, అన్యాయమైనది 93 శాతం తప్పింది. ఆ తర్వాత వచ్చినవి మెరుగుపడి ఉండొచ్చు. అయినా వాచీ ఐదొందలు ఖర్చయ్యాయందని ఇబ్రహీంపట్నం సెంటర్లో ఆగి బిర్యానీ తినడం మాత్రం ఏ లెక్కా కాదు.

గుండె వేగం అది బాగానే పడుతుంది. వాచీ అడుగున పచ్చ లైటు ఉంటుంది చూడు, అది చర్మంలోకి వెళ్లి వెనక్కొచ్చే వెలుతుర్లో తేడా పట్టుకుని రక్తం కొట్టుకోవడాన్ని లెక్కిస్తుంది. పట్టీ వదులుగా ఉంటే, చెయ్యి బాగా ఊగుతుంటే లెక్క చెదురుతుంది. అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. ‘నువ్విప్పుడు ఎర్ర జోన్లో ఉన్నావు’ అని భయపెడుతుంది కదా, ఆ జోన్లు చాలా వాచీల్లో 220లోంచి వయసు తీసేసిన లెక్క మీదే కడతారు. నీకు ఇరవయ్యొకటి, అంటే గరిష్ఠం 199 అంటుంది. ఈ సూత్రం 1970ల మొదట్లో అప్పటికే ఉన్న అంకెల్ని ఒకచోట చేర్చి వేసిన ఉజ్జాయింపు. మనిషికీ మనిషికీ పది పన్నెండు దెబ్బలు అటూ ఇటూ ఉండటం మామూలే. దానికి తోడు మన మెట్ట ఎండ. నందిగామ, జగ్గయ్యపేట వైపు మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. వేడిలో ఒళ్లు చల్లబరచుకోవడానికి రక్తం చర్మానికి పరిగెత్తాలి కాబట్టి, అదే వేగంతో పరిగెత్తినా గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. సంక్రాంతికి సులువుగా ఉన్న పరుగు ఉగాది దాటాక బరువెక్కిందంటే నువ్వు చెడిపోయావని కాదు, ఎండ ముదిరిందని.

మా కాలంలో మేం వాడిన కొలత ఒకటుంది, ఇప్పుడు క్రీడావైద్యులూ అదే చెబుతున్నారు. పరిగెత్తుతూ పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే తేలిక పరుగు. రెండు మూడు మాటలకే ఊపిరి తెగితే గట్టి పరుగు. అసలు మాటే రాకపోతే అది ఎక్కువసేపు సాగేది కాదు. దీనికి చార్జింగ్ అక్కర్లేదు. వారంలో ఎక్కువ రోజులు మాట్లాడగలిగే పరుగే పరిగెత్తాలి. నువ్వేమో రోజూ నిన్నటి అంకె మీద పంతానికి పోతున్నావు.

ఇప్పుడు అసలు మాటకొస్తాను. ఒంటికి పని వేరు, బుర్రకి పని వేరు అని మన బళ్లలో ఒక నమ్మకం పాతుకుపోయింది. పదో తరగతి పరీక్షలు దగ్గర పడితే ముందు ఎగిరిపోయేది గేమ్స్ పీరియడే. లెక్కల మాస్టారో సైన్సు టీచరో నవ్వుతూ వచ్చి, ‘ఈ ఒక్క గంటా ఇవ్వండి మాస్టారూ’ అని అడిగేవాళ్లు. నేను ఇవ్వనంటే మొండివాణ్ననేవాళ్లు. ఇవ్వకపోవడమే సబబని ఇప్పటికీ అంటాను.

ఎందుకంటే బరువులెత్తడం మొదలుపెట్టిన మొదటి వారాల్లో పెరిగే బలం కండలో పెరిగింది కాదు. అద్దంలో చూసుకుంటే చెయ్యి అంతే లావుంటుంది, ఎత్తే బరువు మాత్రం పెరిగిపోతుంది. 1979లో మోరిటాని, డివ్రీస్ అనే ఇద్దరు దీన్ని కొలిచి చూపించారు. మొదట మారేది నరాల పని. బురదలో దిగబడ్డ బండిని పదిమంది తలో క్షణంలో తోస్తే కదలదు, ‘ఐసా’ అని ఒక్కసారిగా తోస్తే కదులుతుంది చూడు, మెదడు కండలోని పోగుల చేత ఆ పని చేయించడం నేర్చుకుంటుంది. ఇంకా వింత 1894 నాటిది. యేల్ విశ్వవిద్యాలయంలో స్క్రిప్చర్ అనే ఆయన ఒకామె చేత కుడిచేత్తో మాత్రమే పిడికిలి బిగించే సాధన చేయించాడు. కొన్నాళ్లకి ఏమీ చేయని ఎడమచేతి పట్టు కూడా పెరిగింది. ఎడమచేతికి బలం పైనుంచి, తలకాయలోంచి వచ్చింది. చెయ్యి విరిగి పుత్తూరు కట్టుతో కూర్చున్న పిల్లాణ్ని మంచానికి అతుక్కుపోకుండా రెండోచేత్తో పని చేయించాలని నేననేది ఇందుకే. కట్టు లోపలి చెయ్యి మరీ నీరసించిపోకుండా అది కొంత కాపాడుతుంది.

పరుగు, నడక చేసేది ఇంకో రకం మేలు. 2011లో అమెరికాలో ఎరిక్‌సన్ బృందం 120 మంది పెద్దవాళ్లను రెండు జట్లు చేసింది. ఒక జట్టు వారానికి మూడు రోజులు, రోజుకి 40 నిమిషాలు చురుగ్గా నడిచింది. రెండో జట్టు ఒళ్లు సాగదీసే వ్యాయామాలతో సరిపెట్టుకుంది. ఏడాది తర్వాత స్కాన్ తీస్తే నడిచినవాళ్లకి హిప్పోక్యాంపస్ దాదాపు 2 శాతం పెరిగింది, రెండో జట్టుకి కొంచెం తగ్గింది. కొత్త జ్ఞాపకాల్ని పదిలం చేయడంలో ముఖ్యమైన భాగం అదే, వయసు మీద పడేకొద్దీ కుంచించుకుపోయేదీ అదే. కదిలే ఒంట్లో బీడీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్ ఎక్కువగా తయారై మెదడు కణాల్ని పోషిస్తుందని చెబుతారు. నడిస్తే ర్యాంకు వచ్చేస్తుందని నేను అమాయకంగా అనడం లేదు. తరవాత జరిగిన పరిశోధనలన్నీ ఇంత గట్టిగా చెప్పలేదు కూడా. కానీ పోటీ పరీక్షల పుస్తకాల ముందు పన్నెండు గంటలు కదలకుండా కూర్చుంటే ఎక్కువ చదివినట్టనుకోకు.

పరిగెత్తే చోటు కూడా ముఖ్యం. మైలవరం జిమ్ములో ట్రెడ్‌మిల్లు బాగుందన్నావు. వానాకాలంలో మంచిదే. అయితే దాని పుట్టుక తెలుసా? 1818లో ఇంగ్లండులో విలియం క్యూబిట్ అనే ఇంజినీరు జైల్లో ఖైదీల చేత తొక్కించడానికి మెట్ల చక్రం తయారుచేశాడు. ఖైదీలు గంటల తరబడి ఎక్కుతూనే ఉండేవాళ్లు, ఎక్కడికీ చేరేవాళ్లు కాదు. ఇప్పుడు మనం నెలనెలా ఫీజు కట్టి ఎక్కుతున్నాం. సరే, వేళాకోళం పక్కన పెడితే, చదునైన బెల్టు మీద పాదానికి ఆలోచించే పనుండదు. బుడమేరు కట్ట మీద, చేల గట్ల మీద, కొండపల్లి ఖిల్లా ఎక్కే దారిలో ప్రతి అడుగూ వేరు. రాయి, గుంట, వాలు చూసుకుని చీలమండ సర్దుకోవాలి, కన్ను ముందుకి పరిగెత్తాలి, చిన్నమెదడు క్షణక్షణం బరువు సరిచేయాలి. కబడ్డీలో ఇంకా ఎక్కువ. ఊపిరి తెగకుండా కూత పెట్టాలి, ఏడుగురి కాళ్లు చూడాలి, ఎవడు చెయ్యి చాస్తాడో పసిగట్టాలి, గీత ఎంత దూరముందో వీపుతో తెలుసుకోవాలి. ఇంత పని ఏ యంత్రమూ ఇవ్వదు. సాయంత్రం గ్రౌండులో కుర్రాళ్లు ఆడుతుంటే నువ్వు పక్కన రౌండ్లు కొడుతూ వాచీ చూసుకుంటున్నావు. వారానికి రెండు రోజులైనా గీత లోపలికి రా.

ఒక్క విన్నపం. హైవే మీద చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పరిగెత్తకు. వెనక వచ్చే లారీని నీ వాచీ చూడదు.

యంత్రం మంచిదా చెడ్డదా అని నన్నడిగితే విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖని చూడమంటాను. నాలుగేళ్ల పిల్లప్పుడే కృష్ణానది ఈదింది. తర్వాత విల్లు పట్టింది. 2023లో హాంగ్జౌ ఏషియన్ గేమ్స్‌లో వ్యక్తిగతం, జట్టు, మిక్స్‌డ్ జట్టు మూడింట్లోనూ బంగారమే. ఆమె చేతిలోది కాంపౌండ్ విల్లు, అంటే నిండా యంత్రమే. కొసల్లో కప్పీలుంటాయి, పూర్తిగా లాగి పట్టాక చేతిమీద మిగిలే బరువు పావుకో మూడోవంతుకో దిగిపోతుంది. గురి చూడ్డానికి భూతద్దం, నారి వదలడానికి మీట కూడా ఉంటాయి. లక్ష్యం 50 మీటర్ల దూరం, పది పాయింట్ల వలయం అడ్డం 8 సెంటీమీటర్లే. మరి బరువంతా కప్పీలు మోస్తే మనిషికి మిగిలిన పనేమిటి? ఊపిరి కుదుటపడేదాకా ఆగడం, గుండె దడదడలాడుతున్నా వేలు తొందరపడకుండా చూడటం, పోయిన బాణాన్ని మనసులోంచి తీసేయడం. విల్లు ఎంత తెలివిమీరినా ఈ పని తీసుకోలేదు. టోక్యోలో రెండోసారి జరిగిన ఒలింపిక్స్‌లో విలుకాళ్ల గుండె వేగాన్ని తెర మీద చూపించారు. ఒంటికి ఏదీ తగిలించకుండా, ముఖం రంగులో కంటికి కనపడనంత మార్పును కెమెరా పట్టుకుని చెప్పింది. అంకె చూసింది మనం. గుండె మాట వినాల్సింది బాణం వదిలేవాడు, వాడు తెర చూడడు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ చేర్చారు కాబట్టి ఈ మాట నీకప్పుడు ఇంకోసారి గుర్తొస్తుంది.

మా డ్రిల్లు మాస్టర్ల కులానికి మూలపురుషుడు కోడి రామమూర్తి. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది విజయనగరంలో పిల్లలకి కసరత్తు నేర్పినవాడు. తర్వాత ఛాతీకి బిగించిన గొలుసులు తెంపి, కార్లు ఆపి దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. ఆయనకి దండీలు, బస్కీలు ఎంతో ప్రాణాయామం అంత. ఊపిరి మీద ధ్యాస పెట్టడమంటే లోపలి కబురు వినడం నేర్చుకోవడమే. ఆ చెవి ఉన్నవాడికి నీ వాచీ ఇస్తే ఇంకా బాగా వాడుకునేవాడు.

బ్యాడ్మింటన్ కోచ్ గోపీచంద్ సంగతి నీకు తెలిసిందే. 2016 రియో ఒలింపిక్స్‌కి ముందు పి.వి. సింధు దగ్గర మూడు నెలలపాటు ఫోను తీసేసుకున్నాడు, వెండి పతకం వచ్చాక తిరిగిచ్చాడు. ఆయన యంత్రాల్ని వద్దనే మనిషి కాదు. గచ్చిబౌలి అకాడమీలో ఆధునిక సౌకర్యాలన్నీ ఉన్నాయి. ఏ యంత్రం కోర్టులోకి రావాలో, ఏది బయట ఉండాలో తేల్చుకున్నాడు, అంతే. పొద్దున నేర్చుకున్న కదలిక రాత్రి నిద్రలోనే మెదడులో కుదురుకుంటుంది. పదకొండింటిదాకా నువ్వు రీల్స్‌లో వ్యాయామాలు చూస్తూ పడుకుంటే అక్కడ కుదురుకునేది రీల్సే. పోనీ నిద్రని వాచీతో కొలుస్తానంటావా, నిద్ర మార్కు తక్కువొచ్చిందన్న బెంగతోనే నిద్రపట్టని వాళ్లు తయారయ్యారని 2017లో అమెరికా డాక్టర్లు రాశారు, దానికో జబ్బు పేరు కూడా పెట్టారు. లేచాక ఒళ్లు తేలిగ్గా ఉందా లేదా అన్నదే నిద్రకి మార్కు.

విజయవాడలో కరెంటు చొక్కా వేసి ఇరవై నిమిషాల్లో రెండు గంటల కసరత్తు చేయిస్తారట, వెళ్లనా అనడిగావు. వద్దు. ఆపరేషన్ తర్వాత బలహీనపడ్డ కండకి ఫిజియోథెరపిస్టు కొద్దిగా కరెంటు పెట్టడం వేరు, అది వైద్యం. ఒళ్లంతా కట్టి మొదటిరోజే గట్టిగా పెడితే కండ చితికి, ఆ చెత్త మూత్రపిండాల మీద పడి ఆస్పత్రిపాలైన వాళ్లున్నారు. తలకి తగిలించుకుని సన్నటి కరెంటు పంపే పట్టీలు కూడా వస్తున్నాయి, సాధన త్వరగా వంటబడుతుందని. కొన్ని ప్రయోగాల్లో లాభం కనిపిస్తే కొన్నిట్లో ఏమీ కనిపించలేదు. తేలనిదాన్ని తలకి కట్టుకోవడం దేనికి? మన గుంజీళ్లకి ఇంగ్లీషు పేరు పెట్టి మెదడు యోగా అని అమ్ముతున్నారు కూడా. గుంజీళ్లు తొడలకి భేషైన కసరత్తు, నేను బోలెడుమంది చేత తీయించాను. చెవులు పట్టుకున్నంత మాత్రాన తెలివి పెరిగేదుంటే నా క్లాసుల్లో వెనకబెంచీ వాళ్లంతా కలెక్టర్లు కావాలి.

పొడి డబ్బాల సంగతి మాత్రం నవ్వులాట కాదు. 2024లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చిన ఆహార సూచనల్లో, కండ పెంచుకోవడానికి ప్రోటీన్ పొడులు వద్దని స్పష్టంగా రాశారు. పప్పు, గుడ్లు, పాలు, చేప, పల్లీలు మన ఇంట్లో లేనివేమీ కావు. జిమ్ములో ఎవరైనా స్టెరాయిడ్ ఇంజెక్షను మాట ఎత్తితే ఆ రోజే ఆ జిమ్ము మానెయ్. అది గుండెనీ కాలేయాన్నీ తినడమే కాదు, కోపాన్నీ దిగులునీ కూడా పెంచుతుంది. నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తడం కూడా మానుకో. మన పక్కనే ఎ.కొండూరు తండాల్లో మూత్రపిండాల జబ్బుతో ఎన్ని ఇళ్లు కుంగిపోయాయో చూస్తూనే ఉన్నావు. అక్కడి కారణాలు వేరు. కానీ ఈ నేల మీద పుట్టినవాడు కిడ్నీలతో ఆటలాడకూడదు. నొప్పి అంటే ఒళ్లు పంపిన కబురు, దాన్ని మాత్రతో నొక్కేసి వాచీలో అంకె కోసం పరిగెత్తడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

ఇంక నీ ఈవెంట్స్. కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షలో మగపిల్లలు 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరిగెత్తాలి. అంటే 400 మీటర్ల రౌండు రెండు నిమిషాలకి. ఇదేమీ కొండ కాదు, కానీ మొదటి రౌండు పక్కవాణ్ని చూసి నిమిషంన్నరలో కొట్టేసి మూడో రౌండులో కూలబడే కుర్రాళ్లే ఎక్కువ. సాధనలో వాచీని దీనికే వాడు. వాచీ చూడకుండా ఒక రౌండు పరిగెత్తు, గీత దాటాక ఎంత పట్టిందో ముందు నువ్వు చెప్పు, ఆ తర్వాత చూడు. మొదట్లో పదిహేను సెకన్లు తప్పుతావు. పోనుపోను రెండు మూడు సెకన్లకి దిగుతుంది. అప్పుడు వేగం నీ కాళ్లకీ ఊపిరికీ తెలిసినట్టు. పరీక్ష రోజున కాలాన్ని వాళ్ల చిప్ లెక్కేస్తుంది, నీ వాచీ గేటు బయటే ఉండొచ్చు. అప్పుడు నీ వెంట వచ్చేది నువ్వు నేర్చుకున్న ఆ అంచనా ఒక్కటే.

వారంలో ఒక రోజు వాచీ ఇంట్లో పెట్టి, మీ నాన్నతో కలిసి చేలో పని చెయ్. ఆ రోజు లెక్కల్లోకి రాదని బెంగపడకు. పరిగెత్తేటప్పుడు ఛాతీలో పట్టేసినట్టున్నా, కళ్లు తిరిగినా, గుండె ఉన్నట్టుండి తప్పిపోతున్నట్టున్నా వాచీ పచ్చగా చూపిస్తోందని సాగదీయకు, ఆగిపో, ఎవర్నైనా పిలు. మన వంశంలో మీ పెదతాత నిండా యాభై రాకుండానే గుండెతో పోయాడని నీకు తెలుసు. అందుకని ఈవెంట్స్ తేదీ వచ్చేదాకా ఆగకుండా ఈ నెల్లోనే మైలవరం వెళ్లి డాక్టరుకి చూపించుకుని ఈసీజీ తీయించుకో. ఆ కాగితం ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టకు, చేత్తో పట్టుకురా.

మీ తాతయ్య,
జి.కొండూరు